ఇదిగో, కంట్రోల్

ఏజెంట్ ఎయిట్‌కి నాలుగు ఖండాల్లో శత్రువులున్నారు. కానీ ఆమె సహనాన్ని నిజంగా పరీక్షించింది మాత్రం సొంత అత్తగారే.

విదేశీ ముఠాలు పట్టుకుంటే కుర్చీకి కట్టేస్తాయి, మొహం మీద లైటు వేసి ప్రశ్నలడుగుతాయి. ఎంత దుర్మార్గులైనా రెండో రోజుకి వాళ్ళకీ విసుగొస్తుంది. అత్తగారికి విసుగు రాదు. ముప్పై నాలుగేళ్ళు పోలీసు కంట్రోల్ రూములో వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఏ మాట చెప్పాలన్నా ముందు "ఇదిగో" అంటుంది. అని ఒక క్షణం ఆగుతుంది. ఆ తర్వాతే అసలు మాట.

"ఇదిగో... కూరలో ఉప్పు తక్కువైంది."

"ఇదిగో... గేటు గడియ పెట్టలేదు."

దీనికో చరిత్ర ఉంది. కొండమీద రిపీటర్ అని ఒక యంత్రం ఉంటుంది. ఊళ్ళోని పోలీసు సెట్ల మాటల్ని అందుకుని దూరంగా విసిరేది అదే. ఎవరూ మాట్లాడనంతసేపూ కునుకు తీస్తుంది. బటన్ నొక్కితే లేవడానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో ఏ మాటన్నా అది మింగేస్తుంది, అవతలివాడికి చేరదు. బాగుచెయ్యడానికి ఎప్పుడూ నిధుల్లేవు. అందుకని ఎప్పుడో ఒక ఆపరేటర్ దానికి మింగడానికి పనికిరాని మాట ఒకటి పడెయ్యడం మొదలుపెట్టాడు. అదే "ఇదిగో". అది శాఖ మొత్తానికీ అంటుకుంది.

"దానికి ముందు మేత వెయ్యాలమ్మాయ్. అప్పుడే మన మాట జోలికి రాదు," అనేది అత్తగారు.

"నేనేమీ కొండమీద లేను కదా అత్తయ్యా. ఎదురుగానే ఉన్నాను."

"అలవాటు చేసుకుంటే నష్టమేంటి?"

ఎయిట్ పట్టుదలగా అలవాటు చేసుకోలేదు. ఆమె మొగుడు మాత్రం ఆ తల్లి కొడుకే. పోలీసు కాన్వాయ్ డ్రైవరు. చిన్నప్పుడు తల్లి "ఇదిగో" అని మొదలుపెడితేనే అది ఆజ్ఞ, లేకపోతే ఒట్టి గొణుగుడు అనుకుని పెరిగినవాడు. పెళ్ళికి ఒప్పుకుంటున్నానని చెప్పినప్పుడు కూడా "ఇదిగో" అని ఆగాడు. ఏం చూపిస్తున్నాడా అని ఎయిట్ వెనక్కి తిరిగి చూసింది.

ఇంట్లోవాళ్ళకీ, వీధిలోవాళ్ళకీ ఎయిట్ గణాంక శాఖలో ఉద్యోగి. గణాంక శాఖ అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. ఆమె వయసు నలభై ఆరు, సర్వీసు ఇరవై రెండేళ్ళు. ఎడమ మోకాలు మెట్లెక్కనివ్వదు.

---

"కూర్చో ఎయిట్," అన్నాడు గూఢచార శాఖ డైరెక్టర్.

"కుర్చీకి కాలు లేదు సార్."

"అయితే నిలబడు. తొందరగా ముగిస్తాను." ముప్పావుగంట చెప్పాడు.

విషయం ఇది. రాష్ట్ర పోలీసులు పాత వైర్‌లెస్ తీసేసి కొత్త డిజిటల్ రేడియో పెట్టుకుంటున్నారు. ఇంజనీర్లు అడిగినదాంట్లో మూడో వంతు శాంక్షనైంది. టెండర్ తక్కువ ధర వేసిన కంపెనీకి వెళ్ళింది. ఆ కంపెనీ వెనకాల ఒక విదేశీ గూఢచార ముఠా ఉందని కబురు. ఆ ముఠా నుంచి పారిపోయి వచ్చిన రహస్య సంకేతాలు రాసే గుమాస్తా ఒకడు మన రక్షణలో ఉన్నాడు. మంగళవారం కోర్టులో వాడు నోరు విప్పితే, ముఠావాళ్ళు మనదేశంలో ఎక్కడెక్కడ ఏ ఉద్యోగాల్లో దూరారో పేర్లతో సహా బయటపడుతుంది.

"మంగళవారమే పదకొండు గంటలకి పాత రేడియో ఆపి కొత్తది ఆన్ చేస్తారు," అన్నాడు డైరెక్టర్. "రెండూ ఒకే రోజు. నాకు యాదృచ్ఛికాలంటే ఎలర్జీ."

"కంపెనీలో మనవాళ్ళెవరైనా?"

"వాళ్ళ సేల్స్ మేనేజర్ మనకి సమాచారమిస్తుంది. సెట్లలో ఎక్కడో దొంగ చిప్ దాచారట. నువ్వు స్టోర్స్ సూపరింటెండెంట్‌గా లోపలికి వెళ్ళు. ఆమెని కలిసినప్పుడు కోడ్ ఇది: నువ్వు 'కొత్త బ్యాటరీలు వచ్చాయా' అంటావు, ఆమె 'వచ్చే నెల' అంటుంది."

"పరికరాలు?"

డైరెక్టర్ సొరుగు తీశాడు. ఒక కెమెరా పెన్ను, రబ్బరు బ్యాండ్ చుట్టి ఉంది. ఒక లిప్‌స్టిక్, మూత తిప్పితే మత్తు వాయువు వస్తుంది.

"దీని గడువు నిరుడే అయిపోయింది సార్."

"ఈ ఏడు రీఫిల్ లేదు. మనకీ కోతే. అవసరమైతే పెదాలకి రాసుకో."

---

పోలీసు స్టోర్స్‌లో మొదటి రోజే కోడ్‌తో చిక్కొచ్చింది. "కొత్త బ్యాటరీలు వచ్చాయా?" అని ఎయిట్ అడిగితే, టీ తెచ్చినాయన "వచ్చే నెల" అన్నాడు. టైపిస్టు "వచ్చే నెల" అంది. దారినపోతూ ఒక కానిస్టేబులు కూడా అన్నాడు. ఆ ఆఫీసులో బ్యాటరీల గురించి ఎవరడిగినా పదకొండేళ్ళుగా అదే జవాబు. ముఠావాళ్ళైనా ఇంత క్రమశిక్షణగా ఉండరనుకుంది ఎయిట్.

చివరికి సేల్స్ మేనేజరే ఆమెని వెతుక్కుంటూ వచ్చింది. మనిషి కనిపించకముందే వాసన వచ్చింది. స్టోర్స్‌లో అందరూ ఆమెని సెంటు మేడమ్ అంటారు. నల్ల కళ్ళద్దాలు, మడత నలగని కోటు. సరుగుడు కర్రలా నిటారుగా నిలబడి, "వచ్చే నెల" అంది తేనెలో ముంచినట్టు.

"నేనింకా అడగలేదు," అంది ఎయిట్.

"అడగబోతున్నారుగా. మీ మొహంలో అలసట చూస్తేనే తెలిసింది, మీరు డిపార్ట్‌మెంట్ మనిషని. చిప్ సెట్ల అడుగున ఉంటుంది. అన్నీ విప్పి చూడండి."

మూడు రోజులు ఎయిట్ స్క్రూడ్రైవర్ పట్టుకుని సెట్లు విప్పింది. చిప్ లేదు, దుమ్ము కూడా లేదు. డైరెక్టర్ ఫోన్‌లో పొంగిపోయాడు. "అయితే సెట్లు క్లీన్! ఫైలు మూసెయ్."

ఎయిట్‌కి ఎందుకో మనసొప్పలేదు. నాలుగో రోజు సెంటు మేడమ్ డెమో ఇస్తుంటే, బల్ల కింద ఆమె హ్యాండ్‌బ్యాగులో దొరికిన మెమరీ కార్డుని తన ఫోన్లోకి కాపీ చేసుకుంది. పెన్ను మొరాయించింది కాబట్టి ఫోనే దిక్కైంది. కార్డులో ఉన్నది కంట్రోల్ రూము ఇన్‌స్పెక్టర్ గొంతు. ఏళ్ళ తరబడి ఎవరో గాల్లోంచి పట్టి, ముక్కలుగా కోసిపెట్టుకున్న మాటలు. డైరెక్టర్‌కి చెబితే, రేడియో పరీక్ష కోసం పట్టుకున్నవే అయ్యుంటాయని కొట్టిపారేశాడు.

ఆ సాయంత్రం ఆమె వంటింట్లో కూరగాయలు తరుగుతూ విన్నది. ఇయర్‌ఫోను ఆఫీసుదే, ఒక చెవి పనిచెయ్యదు. అందుకే స్పీకర్‌లో పెట్టింది.

"...కాన్వాయ్ బయల్దేరిందా?"

"...ఎడమ వైపు రోడ్డు ఖాళీ."

అత్తగారు గుమ్మంలో ఆగింది. "ఇదిగో... ఎవరే అది? తల నరికేసిన మాటలు!"

"రేడియోలో పట్టినవి అత్తయ్యా. ఆఫీసులో గణాంకాల కోసం."

"రేడియోలో పడితే అలాగే ఉంటాయి. తల ఎప్పుడూ కొండమీదే ఉండిపోతుందిగా." రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "ఇదిగో... పాతది ఆపెయ్యొద్దని చెప్పమ్మాయ్ మీవాళ్ళతో. కొత్తదీ పాతదీ నెల రోజులు పక్కపక్కన నడపాలి. పాప తప్పటడుగులు వెయ్యగానే ఉయ్యాల తాడు కోసేసుకుంటామా?"

"మావాళ్ళేంటి అత్తయ్యా, మాది గణాంక శాఖ."

"ఊఁ," అంది అత్తగారు. ఆ "ఊఁ"కి ముందు "ఇదిగో" లేదు. అంటే అది ఆజ్ఞ కాదు, అనుమానం.

---

సోమవారం కొత్త రేడియో కమిటీ మీటింగ్. గూఢచారి జీవితంలో ఎయిట్ చూసిన చిత్రహింసలన్నిటిలోకీ అదే సుదీర్ఘమైనది. ఒంటిగంటకి మొదలైంది, ఆరు దాటినా లేవలేదు.

"పాత సెట్లని బండ్లలోంచి తీయించే కూలీకి శాంక్షన్ లేదు. కాబట్టి అక్కడే ఉంచుదాం," అన్నాడు చైర్మన్.

"ఉంచుదాం," అన్నారు అందరూ.

"కొత్తవాటి మీద ట్రైనింగ్‌కీ లేదు. చూసి నేర్చుకుంటారు."

"నేర్చుకుంటారు."

"ఇక రెండు సిస్టమ్‌లూ నెల రోజులు కలిపి నడపాలని వైర్‌లెస్ ఇంజనీరు నోట్ పెట్టాడు. కొండమీద గదికి అద్దె, కరెంటు... అనవసరం. ఏమంటారు?"

వైర్‌లెస్ ఇంజనీరు బక్కపలచటి మనిషి. ఆశగా ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎయిట్‌కి అత్తగారి ఉయ్యాల తాడు గుర్తొచ్చింది. నోరు విప్పితే ఇంకో గంట చర్చ. మోకాలు సలుపుతోంది. స్టోర్స్ సూపరింటెండెంట్లు మీటింగుల్లో ఎదురుచెప్పరు కూడా. కాగితం ఆమె దగ్గరికొచ్చింది. "కలిపి నడపనవసరం లేదు" అన్న లైను కింద సంతకం పెట్టి, బ్యాగు సర్దుకుంది.

ఇంటికెళ్తే మొగుడు బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు.

"ఇదిగో... రేపు స్పెషల్ డ్యూటీ. ఎవరినో కోర్టుకి తీసుకెళ్ళాలి. నడిమి బండి నాదే."

ఎయిట్ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. సాక్షి ఎక్కే బండి నడిమిదే. ఆ సంగతి చెప్పకూడదు, గణాంక శాఖకి అవన్నీ తెలియవు.

"జాగ్రత్త," అంది.

"కొత్త రేడియో వస్తోందిగా. అందులో బయటివాడు దూరలేడట. వినిపించిందంటే అది కంట్రోలేనట. పాత సెట్టు కూడా బండిలోనే ఉంది, బోల్టులు తుప్పుపట్టి రాలేదు. ఆన్‌లోనే ఉంచాలే. అమ్మ ఊరుకోదు."

---

మంగళవారం. కంట్రోల్ రూము తలుపు దగ్గర ఎయిట్ రోజూ చేసేదే చేసింది. హ్యాండిల్ పైకెత్తి, భుజంతో తోసి, అప్పుడు లాగింది. నాలుగేళ్ళుగా రిపేరు కాని తలుపు అది. ఈ కిటుకు స్టాఫ్‌కే తెలుసు. బయటివాళ్ళ కోసం ఎవరో ఒకరు లేచి తీస్తారు.

పదకొండు. కింద హాల్లో బాజాల హోరుతో ప్రారంభోత్సవం. ఇన్‌స్పెక్టర్ కొత్త హ్యాండ్‌సెట్ పట్టుకుని అక్కడే ఉన్నాడు. పైన ఇద్దరు ఆపరేటర్లు, వైర్‌లెస్ ఇంజనీరు, ల్యాప్‌టాప్‌తో సెంటు మేడమ్, రిజిస్టర్‌తో ఎయిట్. ఇంజనీరు గోడ మీది స్విచ్ కిందికి దించాడు. కొండమీది యంత్రానికి కరెంటు పోయింది. పాత కన్సోల్ మీద ఆయన గుడ్డ కప్పాడు. కాసేపు ఆ గుడ్డ మీద చెయ్యి తియ్యలేదు.

కొత్త స్పీకర్లు పలికాయి. గాజులా తేటగా ఉంది శబ్దం.

"ఇదిగో, కంట్రోల్, బస్టాండ్ పాయింట్, అంతా మామూలే."

"ఇదిగో, కంట్రోల్, కోర్టు గేటు, రెడీ."

ఆపరేటర్లు ముసిముసిగా నవ్వుకున్నారు. ఇన్నేళ్ళూ గాల్లో ఎప్పుడూ వినపడని "ఇదిగో" మొట్టమొదటిసారి అందరికీ వినిపిస్తోంది. కొత్త యంత్రం ఏదీ మింగదు. అయినా ఎవరూ మానలేదు.

పదకొండూ ఏడు. కన్సోళ్ళ తెరలన్నీ ఒక్కసారి నీలంగా మారాయి: "అప్‌డేట్ జరుగుతోంది. తాకవద్దు."

"చిన్న అప్‌డేట్," అంది సెంటు మేడమ్ తియ్యగా. "పది నిమిషాలు మైకులు పనిచెయ్యవు. వినొచ్చు."

స్పీకర్‌లో ఇన్‌స్పెక్టర్ గొంతు: "కాన్వాయ్, కంట్రోల్. కోర్టు రోడ్డులో గొడవ. గోడౌన్ల దగ్గర ఎడమకి తిరగండి."

"సార్ కిందనుంచి మాట్లాడుతున్నారు," అన్నాడు ఒక ఆపరేటర్. అనుమానించాల్సిన పనేముంది? బయటివాడు దూరలేని రేడియో.

ఎయిట్ చేతిలో కలం ఆగింది. ఏదో తక్కువైంది. కూరలో ఉప్పులాంటిది. ఆ మాటకి తల లేదు.

గాల్లోంచి పట్టిన మాటలు. తలలు కొండమీదే ఉండిపోయిన మాటలు. ముఠావాళ్ళు ఇన్‌స్పెక్టర్ గొంతు ప్రతి ముక్కా ఏరుకున్నారు, దగ్గుతో సహా. కానీ వాళ్ళు ఎప్పుడూ వినని మాట ఒకటుంది. అది వాళ్ళకి చేరకముందే రిపీటర్ తినేసింది. సెంటు మేడమ్ చిప్ వెతికించింది దృష్టి మళ్ళించడానికే. కొత్త రేడియోలోకి దూరే రహస్య తాళంచెవులు మొదటినుంచీ దాన్ని తయారుచేసిన కంపెనీ దగ్గరే ఉన్నాయి.

స్పీకర్‌లో ఆమె మొగుడి గొంతు: "ఇదిగో, కంట్రోల్, నడిమి బండి. గోడౌన్ల దగ్గర ఎడమకి అన్నారు. నిజమేనా?"

"అవును. ఎడమకి తిరగండి. వేగంగా."

మళ్ళీ తల లేదు. అవతల రెండు సెకన్ల నిశ్శబ్దం. అతనికీ ఎక్కడో గుచ్చుకుంది, కానీ ఏమిటో తెలియలేదు. "ఇదిగో... సరే," అన్నాడు నెమ్మదిగా. "మలుపుకి అర కిలోమీటరులో ఉన్నాం."

ఎయిట్ లేచింది. మోకాలు కలుక్కుమంది. పాత కన్సోల్ మీద గుడ్డ లాగేసింది. "ఆ స్విచ్ పైకెత్తండి!"

ఇంజనీరు బెదిరిపోయాడు. "లిఖితపూర్వకంగా ఆర్డర్ కావాలి మేడమ్! నిన్న మీరే సంతకం పెట్టారు, అనవసరమని!"

ఎయిట్ రిజిస్టర్ కింద నుంచి పిస్టల్ తీసింది. గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి.

"మీరు... స్టోర్స్ కదా?"

"స్టోర్సే. ఇదీ స్టాకులోదే. ఎత్తండి."

ఆయన స్విచ్ ఎత్తాడు. నిజానికి పిస్టల్ అక్కర్లేకపోయిందేమో, ఆ మనిషి మొహం పండగలా వెలిగింది. సెంటు మేడమ్ ల్యాప్‌టాప్ మూసి తలుపు దగ్గరికి పరిగెత్తింది. హ్యాండిల్ లాగింది, మెలితిప్పింది, తన్నింది. ఎత్తి తొయ్యాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇద్దరు ఆపరేటర్లూ ఆమెకి చెరో పక్కనా నిలబడ్డారు.

పాత మైకు అందుకుని ఎయిట్ బటన్ నొక్కి అరిచింది. "ఆగండి!"

ఏమీ కాలేదు.

కొత్త స్పీకర్‌లో ఇంజన్ల చప్పుడు. "ఇదిగో, కంట్రోల్, మలుపు కనిపిస్తోంది."

"ఏమైంది? పనిచెయ్యట్లేదా?"

"పనిచేస్తోంది మేడమ్," అన్నాడు ఇంజనీరు దీనంగా. "మీ మాట తినేసింది."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎయిట్ ఎన్నో పాస్‌వర్డులు పలికింది. ఏదీ నోటికి ఇంత బరువనిపించలేదు. బటన్ నొక్కింది.

"ఇదిగో..."

ఒక క్షణం ఆగింది. కొండమీద ముసలి యంత్రం కళ్ళు నులుముకుని లేచింది.

"...నడిమి బండి, ఆపు! ఎడమకి వద్దు. కొత్త సెట్టులో వచ్చేది కంట్రోల్ కాదు. ఎక్కడున్నావో అక్కడే ఆపు!"

బ్రేకులు కీచుమన్న శబ్దం రెండు రేడియోల్లోనూ ఒకేసారి వినిపించింది. ఎయిట్ బటన్ వదిలి స్పీకర్ వైపు వంగింది.

పాత స్పీకర్ బరబరమంది. అతని "ఇదిగో" కొండ తినేసింది, మిగతాది చేరింది. "...ఆపేశాను. మలుపుకి నాలుగు బండ్ల దూరం. గోడౌన్ సందులో రెండు లారీలు అడ్డంగా పెట్టి ఉన్నాయి. మనుషులు దిగి పారిపోతున్నారు. మనిషి క్షేమం. ఓవర్." కాసేపాగి మళ్ళీ వచ్చింది. "...గణాంక శాఖవాళ్ళు అక్కడేం చేస్తున్నారు? ఓవర్."

ఎయిట్ మైకు కింద పెట్టింది. కాలు లేని కుర్చీ అయినా ఫర్వాలేదు, ఎక్కడైనా కూర్చోవాలనిపించింది.

---

సాక్షి మధ్యాహ్నం కోర్టులో మాట్లాడాడు. సెంటు మేడమ్ సాయంత్రానికి లాకప్‌లో మాట్లాడడం మొదలుపెట్టింది. డైరెక్టర్ ఫోన్ చేసి, మత్తు లిప్‌స్టిక్ వాడకుండా మిగిల్చినందుకు మెచ్చుకుని, తిరిగి అప్పగించమన్నాడు. పాత రేడియోని నెల రోజులు కొనసాగించాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఆలోచన మొదటినుంచీ తనదేనని చైర్మన్ చెప్పుకున్నాడు.

ఎయిట్ ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా ఒక పాత హ్యాండ్‌సెట్. రిటైరైన రోజు పనికిరాదని శాఖవాళ్ళు జ్ఞాపకంగా ఇచ్చింది. దాని పొట్ట విప్పి, కొత్త తీగలు అతికి, దీపం వెలిగేలా చేసి ఉంది.

ఎయిట్ దాన్ని చూసింది. అత్తగారిని చూసింది.

"ఎప్పట్నుంచి వింటున్నారు అత్తయ్యా?"

"కొండ నోరు మూసినప్పట్నుంచీ. మళ్ళీ తెరుస్తుందేమోనని." ఆవిడ హ్యాండ్‌సెట్ దీపం వైపే చూసింది. "వాడు ఆపేశానన్నదాకా లేవలేదు నేను."

పోబోయింది కొడుకు ప్రాణం. ఇద్దరూ ఆ మాట అనలేదు. ఎయిట్ చెప్పులు విడిచి, ఎదురుగా కూలబడింది. గూఢచారులకి పట్టుబడితే ఏం చెప్పాలో శిక్షణ ఉంటుంది. ఈ బల్ల దగ్గర అదేమీ అక్కరకి రాలేదు.

"పాతది ఆపెయ్యమని సంతకం పెట్టింది నేనే అత్తయ్యా. మీరు చెప్తూనే ఉన్నారు. అలసిపోయి, ఇంటికొచ్చేస్తే చాలనుకుని పెట్టేశాను. తప్పు నాదే."

అత్తగారు హ్యాండ్‌సెట్ దీపం ఆర్పింది. కోడలికి నీళ్ళ గ్లాసు జరిపింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"ఇదిగో... మొదటి ముక్క అందలేదు. మళ్ళీ చెప్పు."

ఎయిట్ గ్లాసు పక్కకి జరిపింది.

"ఇదిగో," అంది. ఆగింది. "తప్పు నాదే."

"అందింది," అంది అత్తగారు. "ఓవర్."